చేలలో పాలిమర్లు: లాభమెంత? భారమెంత?

పూర్వము వరంగల్లు జిల్లాలో చేరియుండి, 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్విభజనతో మహబూబాబాదు జిల్లాలోని మండల కేంద్రమైన పెద్దవంగర ప్రాంతమున పత్తి, వరి, మిరప ముఖ్యమైన పంటలు. ఈ వైపు గ్రామములలో రేగడి భూములతో పాటు చల్క, దుబ్బ నేలలు కూడ కలవు. రేగడి నేల తడిని కొన్ని వారములు దాచుకొనగలదు. చల్క నేలకు ఆ శక్తి లేదు. వాన పది దినములు మొగము చాటు వేసినచో చల్కలోని మొక్క తల వ్రేలవేయును. బావిలోను బోరులోను నీరు తగ్గిన యేడు రైతు కష్టము చెప్పనలవి కాదు.

ఇట్టి గ్రామములకు ప్రయోగశాలల నుండి కొన్ని క్రొత్త వస్తువులు వచ్చి చేరినవి. మిరప బోదెలపై పరచు వెండిరంగు షీటు, నేలలో కలుపు జిగురు రేణువులు, బిందుసేద్యపు నల్లని గొట్టములు, పత్తిచేనిలో వ్రేలాడగట్టు లింగాకర్షక బుట్టలలోని ఎర – ఇవి చూచుటకు వేరువేరు వస్తువులైనను, వీటన్నింటికి మూలమైన పదార్థజాతి ఒక్కటియే. దానిని పాలిమరు అందురు. వీటిని గూర్చి దుకాణములలో వినబడు మాటలు పెక్కు. ఇందులో ఏది నిజము, ఏది అతిశయోక్తి, పని ముగిసిన పిదప ఇవి నేలలో ఏమగును అను సంగతులను పంచాయతీ సభ్యులకు వివరించుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ముందుగా ఒక ముఖ్య విషయము మనవి చేసెదము. పాలిమరు ఎరువు కాదు, మందు కాదు. అది మొక్కకు ఆహారము నీయదు. నీటిని గాని, ఎరువును గాని, వాసనను గాని పట్టియుంచి మెల్లమెల్లగా విడుచుటయే, లేదా వెళ్లిపోకుండ అడ్డగించుటయే దాని పని. ఈ ఒక్క మాట జ్ఞాపకముంచుకొన్నచో, దుకాణదారు చెప్పు మాటలలో నమ్మదగినదేదో, నమ్మరానిదేదో చాలవరకు తేల్చుకొనవచ్చును.

పాలిమరు అనగా నేమి?

గొలుసులో కడియములు ఒకదానితో నొకటి కూడియున్నట్లు, చిన్న అణువులు వేలకొలది వరుసగా కూడి ఏర్పడిన పెద్ద అణువునకు పాలిమరు అని పేరు. తెలుగులో దీనిని బృహదణువు అనియు అందురు. ఇట్టి పొడవైన అణువులు నిజముగా ఉన్నవని జర్మను శాస్త్రజ్ఞుడు హెర్మన్ స్టౌడింగరు 1920లో ప్రకటించినపుడు, తోటి శాస్త్రజ్ఞులలో పలువురు నమ్మలేదు. ఆయన వాదము నిజమని కాలక్రమమున రుజువైనది. 1953లో ఆయనకు నోబెలు బహుమానము లభించినది.

శాస్త్రజ్ఞులు పేరు పెట్టుటకు ముందే మన రైతు బృహదణువులను పండించుచున్నాడు. పత్తి దూదిలో అత్యధిక భాగము సెల్యులోజు అను పాలిమరే. చక్కెరజాతికి చెందిన చిన్న అణువులు వేలకొలది కూడి ఆ దూదిపోగు ఏర్పడుచున్నది. వరిగడ్డిలో ఉన్నదియు ప్రధానముగా అదియే. గంజిలోని పిండిపదార్థము, తుమ్మబంక, రబ్బరు కూడ ఈ జాతివే. వీటిని ప్రకృతి నిర్మించినది. కనుక ప్రకృతియే తిరిగి విడదీయగలదు. గడ్డిని నేలలో కలిపినచో సూక్ష్మజీవులు దానిని తిని మట్టిగా మార్చును.

మనుష్యుడు నిర్మించిన పాలిమర్ల సంగతి వేరు. 1933లో ఇంగ్లండులోని ఒక రసాయన కర్మాగారమున, వాయువులపై అధిక పీడనముతో ప్రయోగములు జరుపుచుండగా అనుకోకుండ తెల్లని మైనము వంటి పదార్థమొకటి లభించినది. అదియే పాలిథీను. నేటి షీట్లు, సంచులు, డ్రిప్పు గొట్టములు చాలవరకు ఈ జాతివే. ఇది నీటికి తడియదు, చీడకు లొంగదు, తేలికగా చివుకదు. ఆ గుణములే దాని బలము. ఆ గుణములే పని ముగిసిన పిదప దానితో వచ్చు చిక్కు.

నీటిని త్రాగు రేణువులు

సబ్జా గింజలను నీటిలో వేసినచో కొంతసేపటికి గింజచుట్టు తెల్లని జిగురు ఉబ్బి నిలుచుట అందరు ఎరిగినదే. ఆ జిగురు ఒక సహజ పాలిమరు. హైడ్రోజెల్ అనబడు రేణువులు పనిచేయు విధమును ఇదియే చూపును. పొడవైన గొలుసులను అక్కడక్కడ ముడివేసి వలవలె చేసినచో, నీరు వలలోనికి చొరబడును. ముడులు ఉన్నందున వల కరిగిపోక ఉబ్బి నిలుచును. చుట్టుపట్ల మట్టి ఎండినపుడు వేరు ఆ నీటిని లాగుకొనును. మరల వాన వచ్చినపుడు రేణువు తిరిగి ఉబ్బును.

1970వ దశకములో అమెరికా వ్యవసాయశాఖవారి పియోరియా ప్రయోగశాలలో మొక్కజొన్న పిండినుండి ఇట్టి పదార్థమును చేసిరి. మన దేశములో న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారు పూసా హైడ్రోజెల్ అను రేణువులను రూపొందించిరి. దీనికి ఆధారము సెల్యులోజు. ఇది తన బరువుకు 350 రెట్లు, అంతకు మించియు, శుద్ధజలమును పీల్చుకొనగలదు. మన ఎండలకు నేల వేడెక్కినపుడు కూడ పనిచేయునట్లు దీనిని తీర్చిరి. హెక్టారునకు 2.5 నుండి 5 కిలోలు, అనగా ఎకరమునకు సుమారు 1 నుండి 2 కిలోలు, విత్తనము లేక వేరు చెంత పడునట్లు వేయవలెనని వారి సూచన.

ఇక్కడ సభ్యులు చిన్న లెక్క వేసి చూడవలెను. ఎకరమునకు 2 కిలోలు వేసితిమనుకొందము. 350 రెట్ల చొప్పున అది ఒకసారి పట్టు నీరు 700 లీటర్లు. నడికారులో పెరుగుచున్న పైరు, నేల కలిసి ఎండ దినములలో ఎకరమునకు దినమునకు సుమారు 20,000 లీటర్లు ఆవిరిగా విడుచును. కనుక ఆ 700 లీటర్లు పైరుకు ఒక పూటకైనను చాలవు. "ఈ రేణువులు వేసినచో తడి పెట్టనక్కరలేదు" అని ఎవరైన చెప్పినచో, ఈ లెక్కయే సమాధానము.

అయినచో రేణువులు నిరుపయోగమా? కాదు. వాటి ఉపయోగము చేనంతటిని తడుపుటలో లేదు. వేరుచెంత తడిని నిలుపుటలో ఉన్నది. మొలకెత్తు విత్తనమునకును, నారుమడి నుండి తీసి నాటిన మిరపమొక్కకును తొలి దినములలో కావలసిన నీరు స్వల్పము. ఆ స్వల్పము అందక మొలకలు చచ్చుటయే పెద్ద నష్టము. ఆ దశలో రేణువు ఆదుకొనును. వాన పడినప్పుడెల్ల తిరిగి నిండుట వలన, రెండు వానల నడుమ ఎడమును దాటించుటకు కొంత తోడ్పడును. తేలిక నేలలలో ఈ ప్రయోజనము ఎక్కువగా కానవచ్చును. రేగడిలో తక్కువ, ఏలయన రేగడి స్వయముగా నీటిని పట్టునదే.

మరొక సంగతి. 350 రెట్లు అను అంకె శుద్ధజలమునకు చెల్లును. ఉప్పు, సున్నము కలిసిన బోరునీటిలో రేణువు అంతగా ఉబ్బదు. దీనిని గ్రామములోనే పరీక్షింపవచ్చును. ఒక గ్రాము రేణువులను ఒక లీటరు వాననీటిలోను, మరియొక గ్రామును అంతే బోరునీటిలోను రాత్రియంతయు నాననిచ్చి, ఉదయమున పలుచని గుడ్డలో వడగట్టి, మిగిలిన జిగురును తూచవలెను. రెండు తూకములకు గల భేదమే ఆ ఊరినీటిలో ఆ సరుకు పనిచేయు బలమును తెలుపును. దీనికి ప్రయోగశాల అక్కరలేదు. బంగారము తూచు చిన్న త్రాసు చాలును.

పూర్వులు ఇదే పనికి చెరువు పూడికమట్టిని చల్క నేలలకు తోలిరి. పూడికలోని సన్నని బంకమట్టి, కుళ్లిన ఆకు అలము నీటిని పట్టియుంచును. 2015లో మిషన్ కాకతీయ క్రింద చెరువులలో పూడిక తీసినపుడు ఆ మట్టిని రైతులు పొలములకు తోలుకొనిరి. కిలోల లెక్కన వేయు రేణువు ఒక పంటకాలమునకు ఉపకరించును. బండ్ల లెక్కన తోలిన పూడిక పెక్కు సంవత్సరములు నిలుచును. చెరువు దగ్గరనున్న గ్రామము ముందుగా దానిని తలచుట మేలు.

నేలను కప్పు షీటు

నేలలోని నీరు రెండు దారుల పోవును: మొక్క ద్వారా కొంత, వట్టి నేలనుండి కొంత. మొదటిది పంటకు పనికివచ్చును, రెండవది వృథా. మల్చింగు షీటు ఈ రెండవ దారిని మూయును. క్రింది నల్లని వైపు వెలుతురును అడ్డగించుటచే కలుపు మొలవదు. పైనున్న వెండిరంగు వెలుతురును పైకి త్రిప్పికొట్టుటచే ఆకు అడుగున దాగు తామరపురుగు, తెల్లదోమ వంటి పురుగులు కొంతవరకు దరిజేరవు.

ఈ చివరి సంగతికి మన ప్రాంతమున ప్రాముఖ్యము కలదు. 2021–22 పంటకాలములో నల్లతామర పురుగు మిరపతోటలపై విరుచుకుపడి మహబూబాబాదు, వరంగల్లు, ఖమ్మం జిల్లాల రైతులకు తీరని నష్టము కలిగించినది. పూతలోనే పురుగు చేరుటచే మందులు కొట్టినను లొంగలేదు. అట్టి పురుగును తగ్గించు పలు ఉపాయములలో వెండిరంగు షీటు ఒకటి. అది ఒక్కటియే చాలునని మాత్రము అనుకొనరాదు.

షీటు పరచునపుడు పాటింపవలసినవి కొన్ని కలవు. బోదెను చదును చేసి, తడిపి, డ్రిప్పు గొట్టమును ముందుగా పరచి, దానిపై షీటును బిగువుగా కప్పి, అంచులను మట్టితో మూయవలెను. ఎండిన నేలపై పరచినచో, లోపల లేని తడిని షీటు కాపాడలేదు. డ్రిప్పు లేనిచోట షీటు వేసినచో వాననీరు పైనుండి జారి కాలువలోనికి పోవును గాని వేరుకు చాలినంత చేరదు. కనుక డ్రిప్పు లేని వర్షాధారపు చేనికి షీటు సాధారణముగ తగదు. అట్టి చేనికి వరిగడ్డి, చెత్త, ఆకు పరచుట మేలు. వాన వాటి సందులనుండి నేలలోనికి దిగును. ఎండ మాత్రము దిగదు. పంట చివరకు అవి కుళ్లి నేలకు బలమగును. కోతయంత్రము వెళ్లిన పిదప కొన్నిచోట్ల వరిగడ్డిని కాల్చివేయుచున్నారు. ఆ కాలుచున్నది వెల లేకుండ లభించు పాలిమరు షీటేనని రైతులకు తెలియజెప్పవలెను.

మెల్లగా విడుచు గుణము

పాలిమరు చేయు మూడవ ఉపకారము, లోనున్నదానిని ఒక్కసారిగా గాక మెల్లగా విడుచుట. యూరియా నీటిలో వెంటనే కరగిపోవును. మొక్క త్రాగినంత త్రాగగా మిగిలినది గాలిలోనికో, భూగర్భజలములోనికో పోవును. గుళికపై సన్నని పాలిమరు పూత పూసినచో నీరు నెమ్మదిగా లోనికి పోయి, ఎరువు నెమ్మదిగా బయటికి వచ్చును. ఈ పూతకు వ్యయమెక్కువ. మన దేశములో వాడుకలోనున్నది వేపనూనె పూత. 2015లో దేశమందు తయారగు యూరియా అంతటికి వేపపూత తప్పనిసరి యైనది. వేపనూనె పూత పాలిమరు తొడుగువలె అడ్డుగోడ కాదు. నేలలోని సూక్ష్మజీవులు నత్రజనిని మార్చు వేగమును అది తగ్గించును. మార్గములు వేరైనను ఫలము ఒక్కటియే: తక్కువ ఎరువు, తక్కువ వృథా.

పత్తిరైతుకు గులాబిరంగు పురుగు వలన కలుగు బాధ అందరు ఎరిగినదే. ఆడ రెక్కలపురుగు విడుచు వాసనయొక్క రసాయన స్వరూపమును 1973లో శాస్త్రజ్ఞులు గుర్తించిరి. ఆ వాసనను కృత్రిమముగా చేసి చిన్న రబ్బరు బిళ్లలో ఇంకించి లింగాకర్షక బుట్టలో ఉంచుదురు. రబ్బరు ఒక పాలిమరు. అది వాసనను కొన్ని వారములపాటు కొంచెము కొంచెముగా విడుచును. మగపురుగులు వచ్చి బుట్టలో చిక్కును. బుట్టలో పడినవాటిని ప్రతిదినము లెక్కించినచో మందు ఎప్పుడు కొట్టవలెనో, ఎప్పుడు అక్కరలేదో తెలియును.

హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఇట్టి ఆకర్షక రసాయనములపైనను పాలిమర్లపైనను పరిశోధనలు జరుపుచున్నది. ఈ సంస్థ 1944లో హైదరాబాదు సంస్థానపు పరిశోధనశాలగా ఆరంభమై, 1956లో కేంద్ర శాస్త్ర పారిశ్రామిక పరిశోధనమండలి క్రిందికి వచ్చి, 1989లో నేటి పేరును పొందినది.

పని ముగిసిన పిదప

ఇక పంచాయతీకి నేరుగా సంబంధించిన భాగమునకు వచ్చితిమి. మిరపకు వాడు షీటు మందము సామాన్యముగా 25 లేక 30 మైక్రాన్లు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. మన తలవెంట్రుక ఇంతకు రెండు మూడు రెట్లు లావు. 25 మైక్రాన్ల షీటు చదరపు మీటరునకు సుమారు 23 గ్రాములు తూగును. ఎకరములో సగము భూమి, అనగా సుమారు 2,000 చదరపు మీటర్లు, కప్పబడినచో 46 కిలోల షీటు పట్టును. ఒక గ్రామమున 100 ఎకరములకు పరచినచో పంట ముగియునప్పటికి 4,600 కిలోలు. ఇది ఒక్క ఊరిలో, ఒక్క పంటలో మిగులు బరువు. దీనిని ఎవరు తీయవలెను, ఎచట చేర్చవలెను అను ప్రశ్నకు పంటవేయుటకు ముందే సమాధానముండవలెను.

చైనాలోని షింజియాంగు పత్తిచేల అనుభవము మనకు హెచ్చరిక. అచట పత్తిపై దశాబ్దములపాటు అతి పలుచని షీట్లు పరచిరి. వెన్నవలె చిరుగు ఆ షీటు తీయబోవగా చేతికి రాక ముక్కలై నేలలో మిగిలినది. ఏటేట ముక్కలు పేరుకొని వేరును, నీటిని అడ్డగించినవి. తుదకు ఆ దేశము 2017లో కొత్త ప్రమాణమును ప్రకటించి, షీటు కనీస మందమును 8 మైక్రాన్లనుండి 10 మైక్రాన్లకు పెంచినది. దీనినుండి గ్రహింపవలసినది ఇది: వెల తక్కువయని పలుచని షీటు కొన్న రైతు దానిని తిరిగి తీయలేడు. చిరుగక చేతికి వచ్చు మందముగల షీటును కొనుటయే చౌక.

షీటును చేనిగట్టున కాల్చుట కూడ తప్పు. ఆ పొగ కాల్చువారికి, ఇరుగుపొరుగువారికి హాని చేయును. మందుల అవశేషములంటిన షీటుపొగ మరింత హానికరము. దున్ని నేలలో కలుపుట అంతకంటె తప్పు. పొగ గాలికి పోవును, ముక్క తరములపాటు నిలుచును.

"నేలలో కరగిపోవు షీటు" అను పేరుతో అమ్మువాటిలో రెండు రకములున్నవి. ఒకరకమును సూక్ష్మజీవులు నిజముగా తిని జీర్ణించుకొనును. రెండవరకము ఎండకు పొడిపొడియై కంటికి కనబడకుండ పోవునే గాని నేలలో ప్లాస్టిక్కుగానే యుండును. ఈ రెండవరకపు వస్తువులను ఐరోపా సమాజము 2019లో చేసిన శాసనముతో నిషేధించినది. కనబడకపోవుట, లేకపోవుట ఒక్కటి కాదు.

పంచాయతీ చేయదగిన పనులు

రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు చెందదగిన 29 విషయములలో మొదటిది వ్యవసాయము. ప్లాస్టిక్కు వ్యర్థముల నియమములు పూర్వము పట్టణములకే వర్తించెడివి. 2016 నియమములతో గ్రామపంచాయతీలకు కూడ బాధ్యత యేర్పడినది. స్వచ్ఛభారత్ గ్రామీణ పథకముయొక్క 2020లో ఆరంభమైన రెండవ దశలో బ్లాకునకు ఒక ప్లాస్టిక్కు వ్యర్థముల కేంద్రమునకై 16 లక్షల రూపాయలవరకు వీలు కల్పించిరి. గ్రామములకు ట్రాక్టర్లు, చెత్త వేరుచేయు షెడ్లు సమకూడినవి. కనుక సాధనములు లేవనుటకు వీలులేదు. వాటిని చేనివరకు చేర్చుటయే మిగిలిన పని. ఈ క్రింది సూచనలను సభ్యులు ఆలోచింతురు గాక.

ఒకటి: వానకాలమునకు ముందు గ్రామసభలో ఎవరెవరు ఎన్ని ఎకరములలో షీటు పరచుచున్నారో వ్రాసికొనవలెను. ఎకరమునకు 46 కిలోల లెక్కన తిరిగి రావలసిన బరువు అప్పుడే తెలియును.

రెండు: మిరప ఏరుట ముగిసిన పిదప ఒక వారమును షీటు సేకరణకై నిర్ణయించి, పంచాయతీ ట్రాక్టరును వాడలవారీగా పంపవలెను. షీటును ఎండబెట్టి, మట్టి దులిపి, చుట్టగా చుట్టి ఇచ్చినచో కొనువారు దొరకుదురు. మట్టితో కూడిన ముద్దను ఎవరును కొనరు.

మూడు: పురుగుమందుల డబ్బాలను షీటుతో కలుపరాదు. వాటిని వేరుగా సేకరింపవలెను. నీరు పట్టుటకు, ఉప్పు పోసికొనుటకు వాటిని వాడకుండ ఇల్లాండ్రకు ప్రత్యేకముగా చెప్పవలెను.

నాలుగు: రేణువులు గాని, క్రొత్త షీటు గాని వచ్చినపుడు ఊరంతయు ఒక్కసారిగా కొనరాదు. ఒక చల్క చేనిలోను, ఒక రేగడి చేనిలోను పరీక్షించి, పోల్చుటకై ప్రక్కనే నాలుగు సాళ్లను మామూలుగా వదలవలెను. మొలకల లెక్క, పెట్టిన తడులు, కాయ తూకము వ్రాసియుంచి, ఆ ఫలితమును రైతువేదికలో వ్యవసాయ విస్తరణాధికారి సమక్షమున చదివి వినిపింపవలెను.

అయిదు: సందేహములకు మహబూబాబాదు జిల్లా మల్యాలలోని కృషివిజ్ఞాన కేంద్రమును గాని, వరంగల్లులోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానమును గాని సంప్రదింపవచ్చును. బోరునీటిని, మట్టిని పరీక్ష చేయించిన పిదపనే కొనుగోలు మాట తలపెట్టవలెను.

శాస్త్రము రైతుకు సాధనము నిచ్చును. దానిని ఏ నేలలో, ఎంత మేరకు వాడవలెనో నిర్ణయించునది రైతే. వాడినదానిని తిరిగి యెత్తి నేలను పరిశుభ్రముగా ఉంచుట ఒక్క రైతు వలన కాదు. ఒకరి చేనిలో చిరిగిన షీటు గాలికి పొరుగు చేనిలో పడును. కాలువలో పడి చెరువు చేరును. అందుచేత ఇది ఊరుమ్మడి పని. దున్నువానికి నాగలిమొనకు ప్లాస్టిక్కు తగులని నేలను మన పిల్లలకు అప్పగించుట పంచాయతీల చేతిలో ఉన్నది. రానున్న గ్రామసభలోనే ఈ విషయమును చర్చకు పెట్టవలెనని సభ్యులను కోరుచున్నాము.